పరిచారికకు పరిచర్య

మన ప్రాచీన వైద్యగ్రంథమగు చరకసంహితలో చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఈ నాలుగును గుణము కలవియైననే రోగము శమించునట. పరిచారకునకు వలయు గుణములును నాలుగే: ఉపచారము తెలిసియుండుట, నేర్పు, తాను సేవించువానియెడ అనురాగము, శుచిత్వము. చిన్ననాడు మా తండ్రిగారియొద్ద ఈ భాగము చదువుకొనునప్పుడు, వైద్యునితో సమానముగా సేవచేయు మనిషికిని ఒక పాదము నిచ్చిరేమని వింతపడితిని. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వచ్చిన పిదప ఆ లెక్క చక్కగా బోధపడినది. నాడది నేరుగా మందు లేని రోగము. ఔషధమను పాదము కుంటిదై యుండగా, వైద్యుడును పరిచారకుడునే రోగి మంచమును మోసిరి. ఆ మోయువారే మంచము పట్టినచో రోగి గతి యేమి? సోదరీమణులారా, ఈ మాసము మీతో ముచ్చటింపదలచినది ఈ విషయమే.

ప్రపంచారోగ్యసంస్థవారి అంచనాను బట్టి 2020 జనవరి మొదలు 2021 మే వఱకు ఈ వ్యాధిచే మరణించిన వైద్యసేవకుల సంఖ్య 80 వేలకును 1 లక్షా 80 వేలకును నడుమ నుండును. నడిమి లెక్క 1,15,500. లోకమున వైద్యసేవ చేయువారిలో నూటికి డెబ్బదిమంది స్త్రీలే గావున ఇది మన పత్రికలో మాటలాడుకొనదగిన సంగతియే. ఫ్లారెన్సు నైటింగేలు పుట్టి 200 ఏండ్లు నిండుచున్నవని ఆ 2020వ సంవత్సరమును నర్సుల యొక్కయు మంత్రసానుల యొక్కయు సంవత్సరముగా ఆ సంస్థయే ముందుగా ప్రకటించియుండెను. ఉత్సవము జరుపదలచిన యేడు ఆ విధముగా గడచినది.

మా వరంగల్లులోని మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలను ఎమ్.జీ.ఎమ్. అన్ననేగాని ఎవరును గుర్తింపరు. వేయి పడకల ఆసుపత్రి. 1959లో నెలకొన్న కాకతీయ వైద్యకళాశాల విద్యార్థులు ఇందే వైద్యము నేర్చుకొందురు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాదు ప్రాంతముల అడవిపల్లెలనుండియు, గోదావరి కావలనున్న ఛత్తీసుగఢ్ నుండియు రోగులు ఇచటికే వత్తురు. ఇంత పెద్ద ఆసుపత్రిలో వైద్యుడు ఒక్కొక్క మంచమునొద్ద నిలుచునది కొన్ని నిమిషములు. తక్కిన పగలును రాత్రియు రోగి దగ్గఱ నుండునది నర్సు, ఆయా, వార్డుబాయి. నేల తుడుచు మనిషి, ఆక్సిజను సిలిండరు మార్చువాడు, గొంతులో పుల్ల పెట్టి నమూనా తీయువాడు, దుప్పట్లు ఉతుకువాడు, శవమును బండికెక్కించువాడు వీరందఱును ఆసుపత్రి సిబ్బందియే. రోగి దగ్గునప్పుడు వైద్యునికంటె ఆయాయే దగ్గఱగా నుండుట తఱచు. జీతముల పట్టీలో మాత్రము ఆమె పేరు అడుగున నుండును. కొన్నిచోట్ల ఆ పట్టీలోనే యుండదు, గుత్తేదారు పుస్తకములో నుండును.

2020 మార్చి 22వ తేదీ సాయంకాలము అయిదు గంటలకు దేశమంతయు వాకిండ్లలో నిలిచి వీరికొఱకు చప్పట్లు చఱచినది, పళ్లెములు మ్రోగించినది. రెండు దినములు తిరుగకమునుపే ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యుల సంఘమువారు, అద్దెయిండ్ల యజమానులు తమవారిని వెడలగొట్టుచున్నారని హోంమంత్రికి లేఖ వ్రాయవలసివచ్చెను. పళ్లెము మ్రోగించిన చేతులును తాళపుచెవులు అడిగిన చేతులును వేర్వేరని నేననుకొనను. హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో ఏప్రిల్ 1వ తేదీన చనిపోయిన రోగి బంధువులు వైద్యులపై పడి కొట్టిరి. ఆ నెల 22వ తేదీన కేంద్రప్రభుత్వము 1897 నాటి అంటువ్యాధుల చట్టమును సవరించి, వైద్యసేవకులపై దౌర్జన్యము చేసినవారికి మూడు నెలలు మొదలు అయిదేండ్ల వఱకును, గాయము తీవ్రమైనచో ఏడేండ్ల వఱకును కారాగారశిక్ష విధించునట్లు చేసెను. వారి నివాసమునకును పనికిని భంగము కలుగునట్లు వేధించుట సైతము అందు నేరముగా చేర్చబడినది. విధినిర్వహణలో ఈ వ్యాధిచే చనిపోయినచో కుటుంబమునకు 50 లక్షల భీమా ఏర్పాటును అంతకుముందే, మార్చి 30 నుండి, అమలులోనికి వచ్చెను. ఆశా కార్యకర్తలకును గుత్తేదారు క్రింద పనిచేయువారికిని అది వర్తించుట మెచ్చదగినది.

మా వీథిలో ఒక నర్సు కాపురమున్నది. ఆమె భర్తది బస్సు డిపోలో ఉద్యోగము. మా వారు ఉపాధ్యాయులగుటచే, బడులు మూతపడి 2020 సెప్టెంబరు 1 నుండి టీ-శాట్‌లోను దూరదర్శన్ యాదగిరిలోను పాఠములు మొదలుపెట్టినప్పుడు, ఆమె పిల్లలిద్దఱును మా వసారాలో కూర్చుండి పాఠములు వినుచుండిరి. కిటికీలోనుండి టెలివిజను వారివైపు త్రిప్పియుంచితిమి. తల్లి ఎమ్.జీ.ఎమ్.లో కాదు, వేఱొక ఆసుపత్రిలో కరోనా వార్డున పని. ఆ రక్షణవస్త్రము తొడిగిన పిదప ఆఱు గంటలు మంచినీరు త్రాగుటకు వీలులేదు, మరుగునకు పోవుటకు వీలులేదు. స్త్రీధర్మపు దినములలో ఆ బాధ ఎట్టిదో మగవారికి చెప్పినను తెలియదు. విడిచిన పిదప చొక్కాను పిండిన చెమట కాఱునట. ఒకనాడు నేను ఆమెను, “నీకు భయము వేయదా?” అని అడుగగా, “రోగులతోని భయం లేదక్కా. ఇంటికొస్తే పిల్లలు ఉరికొచ్చి కాళ్లకు సుట్టుకుంటరు సూడు, గప్పుడు భయమైతది” అనెను. అందుచే ఆమె మూడు నెలలు వెనుకగదిలో వేఱుగా పండుకొనెను. పళ్లెము, గ్లాసు, చాప అన్నియు వేఱు.

2021వ సంవత్సరపు సంక్రాంతి జనవరి 14న వచ్చినది. ముక్కనుమనాడు, 16వ తేదీ శనివారము, దేశమంతట టీకాలు ప్రారంభమైనవి. తొలుత వైద్యసిబ్బందికే యని నిర్ణయము. తెలంగాణమున గాంధీ ఆసుపత్రిలో మొట్టమొదటి సూది వేయించుకొన్నది ఒక పారిశుధ్య కార్మికురాలు. ఢిల్లీ ఎయిమ్స్‌లోను మొదటివాడు పారిశుధ్య కార్మికుడే. మన యిండ్లలో వరుస వేఱు గదా. మగవారు, పిల్లలు తినిన పిదప యిల్లాలు, అంట్లు తోము మనిషికి గిన్నె అడుగున మిగిలినది. ఆ దినమున ఆసుపత్రిలో వరుస తలక్రిందైనది. చిత్రపటముల కొఱకే యట్లు చేసిరని కొందఱు వెక్కిరించిరి. కావచ్చును. ఐనను రోగి యూపిరికి అందఱికంటె దగ్గఱగా నుండువారికి ముందు రక్షణ యనుట వైద్యశాస్త్రమునకును ధర్మమునకును సరిపోయిన వరుసయే.

ఆ టీకాలు రెండు విధములు. పుణెలోని సీరం సంస్థవారు తయారుచేసిన కోవిషీల్డు, హైదరాబాదులోని భారత్ బయోటెక్ వారి కోవాగ్జిను. రెండింటికిని జనవరి 3న అనుమతి లభించెను. కోవాగ్జినులో నున్నది చంపబడిన కరోనా క్రిమి. దేహము ఆ శవమును చూచి శత్రువు రూపము నేర్చుకొనును. కోవిషీల్డులో నున్నది చింపాంజీలకు జలుబు కలిగించు క్రిమి. దానిని వృద్ధిపొందనీయకుండ చేసి, కరోనా క్రిమి పైకొమ్ముల ఆనవాలును దానిచే మోయించిరి. రెంటిని 2 నుండి 8 డిగ్రీల చల్లదనమున, అనగా మన యింటి ఫ్రిజ్ నడిమి అరలోని చలిలో, నిలువయుంచవచ్చును. కోవిషీల్డు బుడ్డి యొక్కటి పదిమందికి. మూత పొడిచిన నాలుగు గంటలలో వాడవలెను, లేనిచో పాఱవేయవలసినదే. సూది వేసిన పిదప అర్ధగంట కూర్చుండబెట్టి చూచుట, 28 దినములకు రెండవసూది యనునవి నాటి నియమములు. పిలిచిన పదిమందిలో నలుగురు రాకపోయిన ఆ నలుగురి మందు వ్యర్థమగునని ఇందువలన తెలియుచున్నది.

నిజమునకు మొదటి వారములలో పిలువబడినవారందఱును రాలేదు. వైద్యసిబ్బందియే సందేహించిరి. సాధారణముగా ఏండ్లు పట్టెడు పని నెలలలో ఎట్లు పూర్తియైనదని విద్యావంతులు అడిగిరి. సంతానము కలుగదట, అని ఆయాలు చెవులు కొఱుకుకొనిరి. నిర్మల్ జిల్లాలో ఒక ఆరోగ్యసేవకుడు సూది వేయించుకొన్న మఱునాడే మరణించుట, అది టీకావలన గాదని వైద్యశాఖవారు ప్రకటించినను, వార్డులలో గుబులు పుట్టించినది. సందేహించినవారిని నేను నిందింపను. తన దేహమున సూది గ్రుచ్చుకొనువానికి ప్రశ్న వేయు అధికారము కలదు. సమాధానము చెప్పుటకు ఓపిక కలవారు దొరకకపోవుటయే లోపము. చాలచోట్ల ఆ పనిని పెద్దవైద్యులు మాటలతో గాక చేతితో చేసిరి. తామే ముందు వరుసలో కూర్చుండి సూది వేయించుకొనిరి.

ఇది బొంబాయి ప్లేగునాటి పద్ధతి. 1896లో ఆ నగరమున ప్లేగు వ్యాపించగా హాఫ్కిన్ అను శాస్త్రజ్ఞుడు గ్రాంటు వైద్యకళాశాలలో ఒక చిన్న గదిలో పనిచేసి టీకా తయారుచేసెను. 1897 జనవరి 10వ తేదీన దానిని ముందు తన దేహమునకే ఎక్కించుకొని, జ్వరమును నొప్పియు ననుభవించి, ఆ తరువాతనే బైకుల్లా కారాగారమున ఇష్టపడి ముందుకు వచ్చినవారికి వేసెను. అంటువ్యాధుల చట్టము పుట్టినదియు ఆ ప్లేగు కారణముననే, ఆ సంవత్సరముననే.

టీకావలన ఒకటి రెండు దినములు చేయి నొప్పి, ఒడలు కాగుట సహజము. మా నర్సుకును ఆ రాత్రి జ్వరము వచ్చెను. మఱునాడు సెలవు లేదు. ఆమె ఆసుపత్రి పేరు నేను వ్రాయను. టీకా తప్పనిసరి యని పదిమాఱులు చెప్పినవారు, టీకా వేయించుకొన్న మఱునాటి విశ్రాంతిని గుఱించి ఒకమాఱైనను తలపలేదు. రాగిజావ పంపితిని. అది త్రాగి, జ్వరపుబిళ్ల వేసికొని, మధ్యాహ్నపు పనికి పోయినది.

ఇక నా మనస్సును మిక్కిలి కలచిన సంగతి. జనవరిలో ఇచ్చిన నియమములలో గర్భిణులకును పాలిచ్చు తల్లులకును టీకా వేయరాదని యుండెను. టీకాను పరీక్షించినప్పుడు గర్భవతులను చేర్చుకొనలేదు. పరీక్షింపనివారికి ఈయరాదనుట జాగ్రత్తయే. కాని ఆసుపత్రులలో పనిచేయువారు ఎవరు? నర్సులలో పెక్కురు ఇరువదినుండి నలువది యేండ్ల నడిమి స్త్రీలు. కడుపుతో నుండుటయు, చంకలో బిడ్డ నుండుటయు ఆ వయస్సున సామాన్యము. అందఱికంటె ముందు అని పిలిచిన వరుసనుండి వీరిని ప్రక్కకు నిలిపిరి. వార్డునుండి మాత్రము అందఱిని ప్రక్కకు నిలుపలేదు. పాలిచ్చు తల్లులకు 2021 మే 19న, గర్భిణులకు జూలై 2న అనుమతి వచ్చినది. ఆ నడుమనే, ఏప్రిల్ మే మాసములలో, రెండవ తరంగము దేశమును ముంచివేసినది. మా నర్సుతో పనిచేయు నొకతె జనవరిలో అయిదవ నెల గర్భవతి. తోడివారే మాటలాడుకొని ఆమెను రోగుల వార్డునుండి తప్పించి, చీట్లు వ్రాయు బల్లయొద్ద కూర్చుండబెట్టి, ఆమె వంతు రాత్రులను తాము పంచుకొనిరి. పై యధికారుల ఆజ్ఞ యేదియు లేదు. మే మాసమున ఆడపిల్ల పుట్టినది. బాలింతగా నుండగనే మొదటిసూది వేయించుకొన్నది. క్రొత్త మందును పరీక్షించునప్పుడు గర్భిణులను చివరకు మిగిల్చిన, మందు దొరకుటలోను వారే చివర నిలుతురని ఆ ఆఱు నెలలు నాకు తెలిపినవి.

టీకావలన ఏమైన ప్రయోజనము కలిగినదా యని అడుగువారికి వేలూరు లెక్క చూపవచ్చును. ఐడా స్కడరు అను స్త్రీ వైద్యురాలు 1900లో చిన్నగా ప్రారంభించిన ఆ క్రైస్తవ వైద్యశాలకు మన చిత్తూరు, కడప, నెల్లూరు సీమలనుండి రోగులు తఱచుగ పోవుట మీకు తెలిసినదే. అచటి సిబ్బంది సుమారు 10,600 మంది. 2021 జనవరి 21 నుండి ఏప్రిల్ ఆఖరువఱకు వారిలో 8,991 మంది టీకా వేయించుకొనిరి. రెండవ తరంగము వచ్చిన పిదప లెక్క తీయగా, రెండు సూదులు పూర్తియైనవారిలో వ్యాధి సోకుట నూటికి 65 పాళ్లు తగ్గినది. ఆసుపత్రిలో చేరవలసి వచ్చుట 77 పాళ్లు, ఆక్సిజను కావలసి వచ్చుట 92 పాళ్లు, తీవ్రచికిత్స గదికి పోవుట 94 పాళ్లు తగ్గినవి. ఆ కాలమున అచట మరణించిన ఉద్యోగి ఒక్కరే, ఆ మనిషి టీకా తీసికొనలేదు. సోకుట పూర్తిగా ఆగలేదని ఈ లెక్కయే చెప్పుచున్నది. సోకినను మనిషి తిరిగి లేచి పనికి వచ్చుటయే దాని ఫలము.

ఆ మే నెల 21వ తేదీన నాటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావుగారు ఎమ్.జీ.ఎమ్.నకు వచ్చి రోగులను పలుకరించిరి. సరిగా నెలకు, పాత కేంద్రకారాగారమును పడగొట్టి, ఆ స్థలమున 24 అంతస్తుల ఆసుపత్రికి శంకుస్థాపన చేసిరి. అన్ని అంతస్తులలో రాత్రి విధులలో నున్న స్త్రీలు తలుపు గడియపెట్టుకొని గంటసేపు నడుము వాల్చు గది ప్రతి అంతస్తునను ఒక్కటి యున్నచో మేలు. పటము గీయువారు ఆడువారిని అడుగుట అరుదు.

మఱుసటి శీతకాలము ఒమిక్రాను వచ్చినది. సంక్రాంతి సెలవులను తెలంగాణమున జనవరి 30 వఱకు పొడిగించిరి. ఈ తూరి మరణములు తక్కువ, సోకుట యెక్కువ. రెండు సూదులు వేసికొన్న వైద్యులు, నర్సులు, విద్యార్థులు గుంపులుగా జ్వరపడిరి. ఏడు దినములు ఇంట నుండవలెనని నియమము. పదిమంది యున్న వార్డులో నలుగురు ఇంట నున్న, తక్కిన ఆఱుగురికి నిద్ర యెక్కడిది? అలసిన దేహమును జబ్బు వెదకికొని వచ్చును. 2022 జనవరి 10న, హాఫ్కిన్ తన చేతికి సూది పొడిపించుకొన్న నాటికి సరిగా 125 ఏండ్లకు, వైద్యసిబ్బందికి మూడవసూది ప్రారంభించిరి. రెండవది వేసికొని తొమ్మిది నెలలు నిండియుండవలెను. వెంటనే ఫిబ్రవరి 16 నుండి 19 వఱకు మేడారము జాతర. సమ్మక్క సారలమ్మల గద్దెలయొద్దకు జనము పోటెత్తగా, అచటి వైద్యశిబిరములకు మన ప్రాంతపు సిబ్బందియే పోవలసివచ్చెను.

శీతకాలమున సిబ్బందికి వ్యాధి రోగులనుండియే గాక ఒకరినుండి ఒకరికిని సోకును. వార్డులో మూతిగుడ్డ కట్టుకొని జాగ్రత్తగా నుందురు. చలికి కిటికీలు మూసిన చిన్నగదిలో గుడ్డ విప్పి, అందఱును కలిసి అన్నము తినునప్పుడు అంటుకొనును. మా నర్సు చెప్పగా వారు గదిని విడిచి, మేడమీద ఎండలో దూరదూరముగా కూర్చుండి తినసాగిరి. ఖర్చు లేని వైద్యము.

ఇంటివారు చేయదగినవియు ఖర్చు లేనివే. రాత్రి ఎనిమిదికి పోయి ఉదయము ఎనిమిదికి వచ్చిన కోడలు పది గంటలకు పండుకొనిన, అది సోమరితనము కాదు. ఆమె నిద్ర పట్టిన గంటకే మిక్సీ త్రిప్పుటయు, పాలలెక్కకు లేపుటయు, చుట్టపక్కములను ఆ గదిలోనే కూర్చుండబెట్టుటయు మానవచ్చును. గుడి మైకును ఆపుమనుట కష్టము. కిటికీకి మందపు తెర వేయుట కష్టము కాదు. ఆమె ఇంటికి వచ్చినప్పుడు “ఈ దినము ఎందఱు పోయిరి?” అని అడుగువారున్నారు. దానికంటె వేడినీళ్లు కాచి యుంచుట మేలు. అత్తగారలారా, మీ కోడలి చేతిలో ఇతరుల తల్లులు బ్రదికి బయటపడిరి గదా!

2023 మే 5న ప్రపంచారోగ్యసంస్థ ఆ అత్యవసరస్థితి ముగిసినదని ప్రకటించినది. ఆసుపత్రిలో పనిచేయువారికి టీకాల అవసరము మాత్రము ముగియలేదు. కామెర్ల జాతికి చెందిన హెపటైటిస్-బి యను వ్యాధి రక్తముద్వారా సోకును. వాడిన సూదులను తెల్లని గట్టి డబ్బాలో వేయవలెనని 2016 నాటి నియమమున్నను, అజాగ్రత్తచే చెత్తలో పడిన సూది గ్రుచ్చుకొనునది ఊడ్చు మనిషి చేతికే. దీనికి మూడు సూదులు: మొదటిది, నెలకు రెండవది, ఆఱవ నెలకు మూడవది. మీ యెఱుకలోని ఆయాను మూడును పూర్తియైనవా యని అడిగి చూడుడు. ఒకటి వేసికొని తక్కినవి మఱచినవారు కానవత్తురు.

రెండవది ఇన్‌ఫ్లుయెంజా. 1918లో మన దేశమున కోటికి పైగా ప్రాణములను కొన్న జాతి జ్వరమిది. క్రిమి ఏటేట రూపు మార్చును గావున టీకాయు ఏటేట క్రొత్తది వేయించుకొనవలెను. మన దేశమున ఇది వానకాలమున ఒకమాఱు, జనవరి నుండి మార్చి వఱకు మఱొకమాఱు విజృంభించును. వైద్యసిబ్బంది దీనిని వేయించుకొనవలెనని కేంద్ర ఆరోగ్యశాఖ సలహా. పిల్లలకు ఉచితముగా వేయు టీకాల పట్టికలో ఇది లేదు. బయట కొనిన వేయి రూపాయలకు పైమాట. పెద్దవైద్యునికి అది లెక్కలోనిది కాదు. గుత్తేదారు క్రింద పనిచేయు ఆయాకు అది కొన్ని దినముల కూలి.

గత జూన్ మాసమున మా వీథి యిల్లాండ్రము పదునొకండుగురము చీటీ సొమ్ములో మిగిలినది కూడబెట్టి, మా నర్సు పనిచేయు వార్డులోని నలుగురు ఆయాలకు ఆ టీకా వేయింపదలచితిమి. ముగ్గురు వేయించుకొనిరి. నాలుగవ యామె తనకు కోడిగ్రుడ్డు పడదని, ఆ టీకాను గ్రుడ్లలో పెంచుదురని యెవరో చెప్పిరని వెనుదీసినది. వైద్యురాలిని అడుగగా, గ్రుడ్డు పడకపోవుట ఇప్పుడు అడ్డంకి కాదనియు, వేసిన పిదప కొంతసేపు కూర్చుండబెట్టి చూచిన చాలుననియు చెప్పినది. అయినను ఆమె ఇంటికి పోయి మగనిని అడిగి వచ్చెదననినది. రెండు వారములకు తానే వచ్చి వేయించుకొని పోయినది. వెంట తన చెల్లెలిని తెచ్చినది. చెల్లెలు వేఱొక ఆసుపత్రిలో ఊడ్చును. ఆమె పేరు మా పట్టీలో లేదు గాని, చీటీలో ఇంకను కొంత సొమ్మున్నది.